యాంటీబయాటిక్‌కు తాళం: ఉద్దానం లెక్క వేరు

బలమైన యాంటీబయాటిక్స్‌ను డాక్టర్లందరి చేతికీ వదలొచ్చా అన్న చర్చ మన దేశంలో వేడెక్కింది 2010లో. గట్టి ఇన్ఫెక్షన్లకు దాచుకునే కార్బాపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్స్‌కూ లొంగని బ్యాక్టీరియాలో దొరికిన జన్యువుకు న్యూఢిల్లీ పేరు కలిపి ఎన్‌డీఎం-1 అన్నారు. పేరు మీద గొడవ చాలానే జరిగింది, అది చల్లారింది. బ్యాక్టీరియా మాత్రం ఉంది.

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1, అంటే కొన్ని మందుల అమ్మకం మీద కట్టడి పెట్టే జాబితా, అమల్లోకొచ్చింది. మూడో తరం సెఫలోస్పోరిన్లు (సెఫ్ట్రియాక్సోన్ లాంటివి), కార్బాపెనెమ్‌లు అమ్మితే షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్స్‌ను యాక్సెస్ (మామూలుగా ముందు వాడేవి), వాచ్ (జాగ్రత్తగా వాడాల్సినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచేవి) అని విడదీసింది. 2024లో ఐక్యరాజ్యసమితి, వాడకంలో 70 శాతం యాక్సెస్ మందులే ఉండాలని లక్ష్యం పెట్టింది.

ఆసుపత్రిలో కట్టడి రెండు రకాలు. సీనియర్ సంతకం పడితేనే స్టోర్ నుంచి మందు కదలడం ఒకటి. ముందు మొదలుపెట్టనిచ్చి 48 నుంచి 72 గంటల్లో కల్చర్ (రక్తంలో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే పరీక్ష) చూసి ఆపడమో, మార్చడమో రెండోది. మొదటిదానితో వాడకం చటుక్కున తగ్గుతుంది. కానీ సెప్టిక్ షాక్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయినప్పుడు, మొదటి డోసు గంటలో పడాలి. అర్ధరాత్రి రెండింటికి సంతకం కోసం ఫోన్లు చేస్తూ కూర్చుంటే ఆ గంట కాస్తా అక్కడే పోతుంది. అందుకే మొదటి డోసుకు అడ్డు పెట్టకుండా, రెండో డోసు దగ్గర సంతకం అడగడం మేలు. ఒక్క మందునే బిగిస్తే పక్కది పొంగుతుందని కూడా మరవొద్దు. న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి 1996లో సెఫలోస్పోరిన్లను కట్టడి చేస్తే వాటి వాడకం 80 శాతం తగ్గింది, కార్బాపెనెమ్ రకం మందైన ఇమిపెనెమ్ వాడకం 141 శాతం పెరిగింది. ఇమిపెనెమ్‌కు లొంగని సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా వెంటే వచ్చింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, అందుకే అక్కడ ఇంకో చిక్కుంది. యాక్సెస్ జాబితాలో జెంటామైసిన్, అమికాసిన్ ఉన్నాయి. రెండూ కిడ్నీ గుండానే పోతాయి, కిడ్నీనే దెబ్బతీస్తాయి. వాచ్‌లో ఉన్న సెఫ్ట్రియాక్సోన్ కొంత పైత్యరసంతోనూ పోతుంది. కవిటి నుంచో సోంపేట నుంచో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 3తో, అంటే కిడ్నీ బాగా దెబ్బతిని, జ్వరమొచ్చిన మనిషికి, 70 శాతం లెక్క కోసం అమికాసిన్ ఎక్కిస్తే అది పొదుపనిపించుకోదు. అనుమతి ఫారంలో మందు పేరుకంటే పైన క్రియాటినిన్ గడి ఉండాలి. కార్బాపెనెమ్ రకమే అయిన మెరోపెనెం మామూలుగా 8 గంటలకోసారి 1 గ్రాము. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుద్ధి చేస్తుందో ఆ లెక్క) 26-50 అయితే 12 గంటలకోసారి అదే 1 గ్రాము, 10-25 అయితే 12 గంటలకోసారి అర గ్రాము. తగ్గించకపోతే ఒంట్లో పేరుకుని ఫిట్స్ రావచ్చు. మందుకు సంతకం పెట్టి డోసు చూడకపోతే ఆ సంతకం సగమే పనిచేసినట్టు.

48-72 గంటల సమీక్షకు ఆధారం కల్చర్. మొదటి డోసుకు ముందే రెండు చేతుల నుంచీ, సీసాకు 8-10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. పలాస వైపు నుంచి వచ్చే మనిషికి ఊళ్లోనే సూది పడి ఉంటే సీసాలో ఏమీ పెరగకపోవచ్చు. రెఫరల్ చీటీలో ఆ సూది పేరు, వేసిన టైము ఉంటే సగం గందరగోళం తప్పుతుంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. యాంటీబయాటిక్స్‌తో పాటు నొప్పి బిళ్లలు కూడా దెబ్బతిన్న కిడ్నీకి రక్తం అందించే సన్న నాళాన్ని బిగిస్తాయి. కొన్ని రకాల బీపీ మందులు, మూత్రం బిళ్ల కూడా వాడుతుంటే దెబ్బ ఇంకా పెద్దది. కొబ్బరి తోటలో పనిచేసొచ్చి నడుం నొప్పన్నవాళ్లకు వేసే 75 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది మాత్రం హెచ్1 రిజిస్టర్లోకి రాదు.