ఆటిజం స్క్రీనింగ్: పద్దెనిమిదో నెలకు ఎలా చేరింది

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. ఇతరులతో కలవడం, మాట్లాడటం చిన్నప్పటి నుంచే వేరుగా ఉండే ఎదుగుదల స్థితి ఆటిజం. అది వైద్యుల దృష్టికి వచ్చింది ప్రధానంగా ఆ వ్యాసంతోనే. తర్వాత దాదాపు యాభై ఏళ్లు ఆటిజాన్ని గుర్తించడం నిపుణుల పనిగానే ఉండిపోయింది. మాటలు రావడం లేదని తిరిగి తిరిగి వాళ్ల దగ్గరికి చేరేలోపు బిడ్డకు మూడేళ్లో నాలుగేళ్లో దాటేవి.

ఆ పనిని మామూలు క్లినిక్‌కు తెచ్చే ప్రయత్నం 1992లో బ్రిటన్‌లో జరిగింది. సైమన్ బారన్-కోహెన్ బృందం 'చాట్' అనే చిన్న పరీక్ష తయారుచేసింది. పద్దెనిమిది నెలల బిడ్డ నచ్చినదాన్ని వేలితో చూపిస్తుందా, మనం చూసేవైపు చూస్తుందా, ఉత్తుత్తి ఆటలు ఆడుతుందా అన్నవే ఇందులో కీలకం. కొన్ని తల్లిదండ్రులను అడగాలి, కొన్ని ఆరోగ్య కార్యకర్త స్వయంగా చూడాలి. 16 వేల మందికి పైగా పిల్లలపై వాడి, వాళ్లు పెద్దయ్యాక లెక్క చూస్తే, ఆటిజం ఉన్నవాళ్లలో ఇది పట్టుకున్నది 38 శాతం మందినే.

అమెరికాలో 2001లో వచ్చిన 'ఎమ్-చాట్' కార్యకర్త చూసే భాగాన్ని తీసేసి, తల్లిదండ్రులు నింపే 23 ప్రశ్నలే ఉంచింది. డాక్టరుకు టైమ్ కలిసొచ్చింది కాబట్టి అదే ఎక్కువ వాడుకలోకి వచ్చింది. 2014 నాటి సవరణలో ప్రశ్నలు 20 అయ్యాయి. స్కోరు, అంటే అనుమానం కలిగించే జవాబుల సంఖ్య, 3 నుంచి 7 మధ్య వస్తే మళ్లీ వివరంగా అడగాలి. రద్దీ క్లినిక్‌లో ఎగిరిపోయేది సరిగ్గా ఈ రెండో మెట్టే.

18, 24 నెలలకు పిల్లలందరినీ పరీక్షించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2007లో చెప్పింది. ఎవరికీ అనుమానం లేని పిల్లల్లో దీనివల్ల ఎంత మేలో తేల్చే ఆధారాలు చాలవని 2016లో ఇలాంటి పరీక్షలపై సలహా ఇచ్చే అక్కడి నిపుణుల బృందం, నివారణ సేవల టాస్క్‌ఫోర్స్, అంది. 2019లో ఫిలడెల్ఫియా క్లినిక్‌లలో సుమారు 26 వేల మంది పిల్లల వివరాలు చూస్తే, ఆటిజం ఉన్నవాళ్లలో ఎమ్-చాట్ పట్టుకున్నది 39 శాతం లోపే. అంటే కాగితం మీద 'తక్కువ రిస్క్' అని వచ్చినా, అమ్మకు టెన్షన్ ఉంటే ఆ టెన్షన్‌నే నమ్మాలి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం మాత్రం చూసే పనిని మళ్లీ నర్సుకే అప్పగించింది. ఒకే పరీక్షతో తేల్చేయకుండా 12, 18, 24 నెలలకు వచ్చినప్పుడల్లా శిక్షణ పొందిన నర్సులు బిడ్డను గమనిస్తారు. వాళ్లు అనుమానించిన పిల్లల్లో 83 శాతం మందికి తర్వాత ఆటిజం నిర్ధారణ అయిందని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అయితే అక్కడ ఈ నర్సుల వ్యవస్థ ముందునుంచే ఉంది.