నైటింగేల్ పేరులోని రాత్రి

సరోజినీ నాయుడుకు ఇంగ్లీషులో ఉన్న ‘నైటింగేల్ ఆఫ్ ఇండియా’ అనే బిరుదును మనం ‘భారత కోకిల’ అంటాం కనుక, నైటింగేల్ అంటే కోకిలేనా అని ఒక పాఠకురాలు అడిగారు. రెండూ వేర్వేరు పక్షులు. పాట అబ్బే తీరు కూడా వేరే. కోకిల పరాయి గూటిలో పెరిగినా తన జాతి కూతే కూస్తుంది, అది పుట్టుకతో వచ్చినది. సుమారు 20 గ్రాములు తూగే మగ నైటింగేల్ మాత్రం పెద్ద పక్షుల పాట విని, గుర్తుంచుకుని, సాధన చేసి దాదాపు 200 రకాల పాటలు నేర్చుకుంటుంది.

ఇంగ్లీషు ‘నైటింగేల్’, జర్మన్ ‘నాఖ్టిగాల్’ పేర్లకు మూలార్థం ‘రాత్రి పాడేది’. ప్రాచీన గ్రీకు ‘ఆయేదోన్’కు ‘పాడేది’ అని మాత్రమే అర్థం. రష్యన్ ‘సొలొవేయ్’ పసుపు కలిసిన బూడిద రంగును తెలిపే మాటకు చుట్టం. పర్షియన్ కవులు గులాబీకి ప్రియుడిగా కీర్తించిన ‘బుల్‌బుల్’ ఇదే; ఆ పేరు భారతదేశంలో పిగిలిపిట్టకు స్థిరపడింది. గ్రీకు, జర్మన్ పేర్లు స్త్రీలింగాలు, గ్రీకు పురాణంలోనూ ఈ పక్షి స్త్రీయే, కానీ మనం వినే ఆ పాట మగపక్షిది.

నన్ను అన్నిటికన్నా ఆకర్షించేది ఆ రాత్రి. నైటింగేల్ పగలు కూడా పాడుతుంది; అయినా చీకట్లో పాడటానికి బలమైన కారణం ఉంది. ఆఫ్రికా నుంచి వసంతంలో యూరప్‌కు తిరిగివచ్చే ఆడపక్షులు రాత్రిపూటే ప్రయాణిస్తాయి, జత కోసం మగపక్షుల తావుల మధ్య వెతుకులాట కూడా రాత్రే సాగిస్తాయి. పొదలో దాగిన మగపక్షి చీకట్లో కంటికి ఆనదు కనుక దాని ఉనికిని తెలిపేది పాటే. గాలి నిమ్మళించిన నిర్మలమైన రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటిన గాలి పైగాలికన్నా చల్లగా ఉంటుంది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది; అందువల్ల ధ్వనితరంగపు పైభాగం కింది భాగాన్ని మించి ముందుకు సాగుతుంది, తరంగం మొత్తం నేలవైపు వంగుతుంది, పైకి చెదిరిపోవలసిన పాట నేల వెంబడి దూరం వెళుతుంది. మండుటెండలో ఇది తిరగబడి, ధ్వని ఆకాశంవైపు వంగిపోతుంది.

జత కుదిరిన మగపక్షి సాధారణంగా రాత్రి పాట మానేస్తుంది, ఆడపక్షి విడిచిపోతే మళ్ళీ అందుకుంటుంది. వేకువ పాటను మాత్రం జత ఉన్నవీ లేనివీ పాడతాయి, ఎందుకంటే తావు కోసం తిరిగే ఇతర మగపక్షులు ఆ చోట్లను చూసుకోవడానికి వచ్చే వేళ అదే.