పార్కులో ట్రాన్స్‌ఫార్మర్: కిరణాల భయం, కంచె సంగతి

ఎండలు ముదిరి ఏసీలు తిరగడం మొదలయ్యేసరికి హైదరాబాద్‌లోని పాత కాలనీల్లో ట్రాన్స్‌ఫార్మర్లు లోడ్ తట్టుకోలేక ఫ్యూజులు కొట్టేస్తాయి. రెండంతస్తుల ఇళ్లున్న ప్లాట్లలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ రోడ్ల వెడల్పు మాత్రం పెరగలేదు కాబట్టి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు చోటెక్కడ అనగానే అందరి చూపూ కాలనీలోని చిన్న పార్కు మీద పడుతుంది. విద్యుత్ పంపిణీ పనిలో ఉన్నవాడిగా ఇలాంటి సంక్షేమ సంఘాల సమావేశాలకు తరచూ వెళ్తుంటాను. ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒక్కటే: "దాని రేడియేషన్‌కు పిల్లలకు క్యాన్సర్ వస్తుందట కదా సార్?"

అపోహ: ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇళ్లకు ఎంత దూరం నెడితే అంత క్షేమం.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల కాలనీలు నష్టపోయినంతగా మరే పుకారు వల్లా నష్టపోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండేది, మన ఇళ్ల కరెంటు లాగే సెకనుకు 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్) అయస్కాంత క్షేత్రం. ఎక్స్‌రేలకు ఉన్నట్టు శరీర కణాల్లోని అణువులను విడగొట్టే శక్తి దానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2002లో ఇలాంటి క్షేత్రాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న 2బీ వర్గంలో చేర్చిన మాట నిజమే. సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లాలకు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) మించిన క్షేత్రం ఉన్న ఇళ్లలోని పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) కొంత ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పడం అందుకు ఆధారం. దానికి ఈ క్షేత్రమే కారణమని మాత్రం రుజువు కాలేదు. వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో మొదటి సగం ఉంటుంది, రెండో సగం ఎప్పుడూ ఉండదు.

పుకారు పుట్టించేవారి మీద నాకు విసుగే గానీ, భయపడి అడిగేవారి మీద లేదు. కూకట్‌పల్లి వైపు ఒక కాలనీలో, పెద్ద జబ్బు నుంచి అప్పుడే కోలుకుంటున్న బిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ చివరి దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. అందరూ వెళ్లాక, "మా బాల్కనీ పార్కు వైపే ఉంది, ఇల్లు మారమంటారా అన్నయ్యా?" అని అడిగారు. అంకెలు చెబితే ఆమెకు ధైర్యం రాదని తెలుసు కనుక, మరోసారి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు తీసుకుని వెళ్లి, పక్క వీధిలో అలాంటిదే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గర నుంచి ఒక్కో అడుగూ వెనక్కి నడుస్తూ రీడింగు ఎలా పడిపోతోందో చూపించాను. తరువాత వాళ్ల వంటింట్లో మిక్సీ వేయించి దాని పక్కన మీటరు పెడితే, కంచె నుంచి పది అడుగుల దూరంలో వచ్చిన దానికన్నా ఎక్కువే వచ్చింది. ఆమె ఇల్లు మారలేదు.

దూరం నెట్టడంలోని అసలు చిక్కు వేరే ఉంది. అయస్కాంత క్షేత్రం వోల్టేజీని బట్టి కాదు, తీగలో పారే కరెంటును బట్టి ఉంటుంది. 100 కేవీఏ సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు 11 కేవీ (11 వేల వోల్టుల) వైపు దాదాపు 5 ఆంపియర్లే పారితే, ఇళ్లకు వచ్చే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు దాదాపు 133 ఆంపియర్లు పారుతుంది. దాన్ని కాలనీ చివరికి పంపితే ఆ 133 ఆంపియర్ల లైన్ మీ బాల్కనీల ముందు నుంచే పొడవునా సాగుతుంది. తీగ పొడవు పెరిగిన కొద్దీ వోల్టేజీ తగ్గి, ట్రాన్స్‌ఫార్మర్‌కు అందరికన్నా దూరంగా ఉన్న ఇంట్లో మోటారు కాలిపోవచ్చు. భయపడి దూరం పంపినవారే మరుసటి వేసవిలో లోవోల్టేజీ అని ఫిర్యాదు చేయడం నేను చూస్తూనే ఉన్నాను.

ప్రాణాలు తీసేది కిరణాలు కావు, తెరిచి ఉన్న ఫ్యూజు పెట్టె. క్యాన్సర్ గురించి రెండు గంటలు వాదించిన సమావేశంలో కంచె ఎత్తు ఎంత అని అడిగినవారు ఉండరు. స్తంభం మీద కాకుండా నేల మీద దిమ్మె కట్టి పెట్టే వాటికి కనీసం 1.8 మీటర్ల కంచె ఉండాలి, గేటుకు తాళం ఉండాలి, న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) విడివిడిగా రెండు ఎర్తింగులు (నేలలోకి కలిపే ఏర్పాట్లు) ఉండాలి. మన ఊరి నేల రాతి నేల. మే నెలకల్లా ఎర్త్ గుంతలు ఎండిపోతాయి. ఎర్త్ బలహీనంగా ఉన్నచోట న్యూట్రల్ తెగితే ఒక ఫేజులో వోల్టేజీ ఎగిరి వీధి మొత్తం టీవీలు, ఫ్రిజ్‌లు మాడిపోతాయి. బంతి లోపల పడితే పిల్లవాడు కంచె దూకుతాడు. వినాయక చవితికి మండపం వారు అదే పెట్టెలోంచి తీగ లాగుతారు. ఊయల, జారుడుబల్ల కంచెకు దూరంగా ఉండాలనేది కూడా నా మాటే. దిమ్మె ఎత్తు వాన నీరు నిలిచే మట్టానికి పైన ఉండాలని మరిచిపోకండి.

అపోహ: సెల్ టవరూ ట్రాన్స్‌ఫార్మరూ ఒకటే. కావు. టవరుది రేడియో తరంగం, దాని పరిమితులూ కొలతలూ వేరు.

అపోహ: గుయ్‌మనే శబ్దం వస్తే పేలబోతోందని అర్థం. ఆ సన్నని హోరు సహజం. చిటపటలు, నూనె కారడం కనిపిస్తే మాత్రం వెంటనే 1912కు ఫోన్ చేయండి.

అపోహ: సంఘం తీర్మానం చేస్తే చాలు, పార్కులో ఏదైనా పెట్టుకోవచ్చు.

వాస్తవం: లేఅవుట్‌లో పార్కుగా చూపిన స్థలం సంఘం ఆస్తి కాదు, స్థానిక సంస్థ అనుమతి లేనిదే అక్కడ దిమ్మె కట్టకూడదు. పార్కుకు ఉద్దేశించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలనీ అంతటికీ కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అంత తేలిగ్గా అందులోకి రాదు గానీ, పక్కన అపార్ట్‌మెంటు కట్టే బిల్డరు తన పార్కింగు స్థలం మిగుల్చుకోవడానికి తన ట్రాన్స్‌ఫార్మర్‌ను పార్కులోకి తోయాలని చూస్తే, నా దృష్టిలో అది ఒప్పుకోకూడని పని. అది ఆయన ఆవరణలోనే ఉండాలి. మీ కాలనీ కోసమే పెడుతున్నదైతే, సంఘం ఇచ్చే లేఖలో ఏ మూల, దిమ్మె ఎత్తు ఎంత, గేటు ఏ వైపు, తాళంచెవి ఎవరి దగ్గర, తీసేసిన చెట్లకు బదులు ఎవరు నాటాలి అన్నవన్నీ పని మొదలుకాకముందే రాయించుకోండి.