ఇంట్రోవర్ట్‌లు, ఎక్స్‌ట్రోవర్ట్‌ల చదువు, వివేకం: అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పేది ఇదే: "మావాడు క్లాసులో నోరు విప్పడండీ, వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది." ఇంకొందరి దిగులు దీనికి పూర్తిగా వ్యతిరేకం: మావాడు మాటలు ఆపడని. నలుగురిలో తక్కువ మాట్లాడుతూ తమలో తాము ఉండేవాళ్లను ఇంట్రోవర్ట్‌లని, కలివిడిగా ఉండేవాళ్లను ఎక్స్‌ట్రోవర్ట్‌లని అంటారు.

అపోహ: మాట్లాడని పిల్లలకు చదువు రాదు.

వాస్తవం: ఈ స్వభావానికీ తెలివితేటలకీ సంబంధం దాదాపు లేదు. మార్కులు ఎక్కువగా ఆధారపడేది పట్టిన పని వదలకుండా క్రమంగా చేసే గుణం మీద. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల రికార్డింగులు పరిశీలిస్తే, టీచర్లు ప్రశ్న అడిగి ఆగేది సుమారు ఒక్క సెకనని తేలింది. 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, ఎక్కువమంది పిల్లలు మాట్లాడారు. మనసులో మాట కూర్చుకున్నాకే నోరు తెరిచే పిల్లకి ఆ సెకను ఏం సరిపోతుంది? జవాబు సిద్ధమయ్యేలోపు ప్రశ్న పక్క బెంచీకి వెళ్లిపోతుంది, "దీనికి రాదు" అనే ముద్ర మాత్రం ఉండిపోతుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అపోహ: చదువుకి పూర్తి నిశ్శబ్దం ఉండాల్సిందే.

వాస్తవం: రస్సెల్ గీన్ అనే మనస్తత్వవేత్త 1984లో చేసిన ప్రయోగంలో శబ్దం ఎంత ఉండాలో ఎవరికి వాళ్లనే ఎంచుకోమంటే ఎక్స్‌ట్రోవర్ట్‌లు ఎక్కువ కోరుకున్నారు. తమకు నచ్చిన స్థాయిలో రెండు రకాలవాళ్లూ సమానంగా నేర్చుకున్నారు, ఒకరి స్థాయి ఇంకొకరికి పెట్టి తారుమారు చేస్తే ఇద్దరూ తడబడ్డారు.

అపోహ: ప్రతి మనిషీ అయితే ఇంట్రోవర్ట్, లేకపోతే ఎక్స్‌ట్రోవర్ట్.

వాస్తవం: ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు.

అపోహ: ఇంట్రోవర్ట్‌లు సహజంగానే వివేకవంతులు.

వాస్తవం: మౌనంగా ఉన్నవాళ్లంతా లోతుగా ఆలోచిస్తున్నట్టు కాదు, ఒకే దిగులును పదేపదే తిప్పుకుంటూ కూడా ఉండొచ్చు. కొత్త ఆలోచనలకు మనసు తెరిచి ఉంచే గుణానికే వివేకంతో ఎక్కువ సంబంధం కనిపించింది. మనస్తత్వవేత్తలు ఉర్సులా స్టౌడింగర్, పాల్ బాల్టెస్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి కష్టమైన జీవిత సమస్యలిచ్చి, బాగా తెలిసిన మనిషితో చర్చించమని, తర్వాత కాసేపు ఒంటరిగా ఆలోచించుకోమని చెప్పారు. వాళ్ల జవాబుల్లో వివేకం బాగా పెరిగింది. తమవాళ్లతో మాట్లాడుతున్నట్టు మనసులో ఊహించుకున్నవాళ్లకీ దాదాపు అంతే మేలు జరిగింది!

అందుకే నేను ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వను. కలివిడిగా ఉండేవాళ్లయితే చర్చ అయిన వెంటనే నిర్ణయం చెప్పకుండా కాసేపు ఒక్కరే కూర్చుని రాసుకోమంటాను. మౌనంగా ఉండేవాళ్లను గ్రూప్ డిస్కషన్‌లోకి తోయనక్కర్లేదు, మనసు విప్పి మాట్లాడగలిగే మనిషి ఒక్కరుంటే చాలు.