కౌంటర్ నుంచి మేనేజర్ కుర్చీ దాకా: దక్షిణాఫ్రికా రిటైల్‌లో సమానావకాశాల నేపథ్యం

దక్షిణాఫ్రికాలో 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న రిటైల్ సంస్థ ఏటా కార్మిక శాఖకు ఒక నివేదిక పంపాలి. పై యాజమాన్యం నుంచి నైపుణ్యం అక్కరలేని పనుల దాకా ఉన్న ఆరు అంచెల్లో ఏ జాతివారు, మహిళలు, దివ్యాంగులు ఎందరున్నారో అందులో చూపాలి. ఈ లెక్క అడగాల్సిన అవసరం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే వర్ణవివక్ష పాలనకు ముందు నుంచీ చూడాలి.

1924 నాటి పారిశ్రామిక రాజీ చట్టం, పాసు (ఎక్కడికైనా వెళ్లాలంటే చూపాల్సిన అనుమతి పత్రం) వెంట పెట్టుకుని తిరగాల్సిన నల్లజాతి పురుషులను అసలు ఉద్యోగులుగానే గుర్తించలేదు. 1953లో బంటూ విద్యా చట్టం నల్లజాతి పిల్లల చదువును వేరుచేసి, కుదించింది. 1956లో వచ్చిన కొత్త పారిశ్రామిక రాజీ చట్టం కొన్ని పనులను ఫలానా జాతికే కేటాయించే అధికారాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది. చదువు అందకుండా చేసి, పని నేర్చుకునే దారి మూసి, ఆ తర్వాత అర్హత లేదని పక్కన పెట్టడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

దుకాణాల్లో ఈ పరిస్థితిని కదిలించింది ముందుగా కార్మికులే. 1975లో ఎమ్మా మషినీని అనే కార్మిక నాయకురాలు నల్లజాతి దుకాణ ఉద్యోగుల కోసం ఒక సంఘం స్థాపించారు. 1981లో ప్రభుత్వం ఆమెను నిర్బంధించి ఆరు నెలలు జైల్లో పెట్టింది. అయినా సంఘం ఆగలేదు. 1983లో ఓకే బజార్స్ అనే పెద్ద దుకాణాల సంస్థతో, ప్రసవానికి వెళ్లిన మహిళకు తిరిగి ఉద్యోగం దక్కేలా ఒప్పందం చేసుకుంది. అంతకుముందు గర్భం దాల్చడమంటే చాలామందికి ఉద్యోగం పోగొట్టుకోవడమే. ఉద్యోగమే నిలవని చోట పదోన్నతి మాట ఎక్కడిది? నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద మలుపు ఇదే. 1986 డిసెంబరులో అదే సంస్థలో వేలాది మంది వేతనాల కోసం సమ్మెకు దిగి, దాదాపు 10 వారాలు నిలబడ్డారు.

ప్రజాస్వామ్యం వచ్చాక 1998లో రెండు చట్టాలు వెలువడ్డాయి: ఉపాధి సమానత్వ చట్టం, నైపుణ్యాభివృద్ధి చట్టం. రెండూ ఒకే ఏడాది రావడం యాదృచ్ఛికం కాదు. మొదటిది నల్లజాతివారికి, మహిళలకు, దివ్యాంగులకు న్యాయమైన వాటా కల్పించాలంటుంది. ఇక్కడ నల్లజాతివారంటే ఆఫ్రికన్లు, కలర్డ్ (మిశ్రమ జాతి) ప్రజలు, భారత సంతతివారు. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల వారసులూ ఇందులోకే వస్తారు. రెండోది శిక్షణకు పునాది వేసింది. ఆ శిక్షణ ఖర్చు కోసం సంస్థల నుంచి జీతాల మొత్తంలో 1 శాతం సుంకంగా వసూలు చేసే ఏర్పాటు 1999 చట్టంతో వచ్చింది. టోకు, చిల్లర వర్తకానికి ప్రత్యేక శిక్షణ సంస్థ కూడా ఏర్పడింది.

ఉపాధి సమానత్వ చట్టంలోని 20వ సెక్షన్ గురించి తక్కువమంది మాట్లాడతారు. డిగ్రీ, అనుభవం, గతంలో నేర్చుకున్నదే కాక, తగిన గడువులో ఆ పని నేర్చుకోగల సామర్థ్యం కూడా అర్హతేనని అది అంటుంది. అనుభవం లేదన్న ఒక్క కారణంతో అభ్యర్థిపై అన్యాయంగా వివక్ష చూపడానికి వీల్లేదు. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునే మహిళ విషయంలో దీని అర్థం స్పష్టం. సరుకు నిల్వల లెక్క, కొత్త ఆర్డర్లు, సిబ్బంది షిఫ్టుల పట్టిక, రోజువారీ నగదు సరిచూడటం ఆమెకు నేర్పాలి. అవి నేర్పకుండా బ్రాంచి మేనేజరు పదవికి ఆమె తగదనడం 20వ సెక్షన్ స్ఫూర్తికే విరుద్ధం.

ఆచరణ మాత్రం నెమ్మదిగా సాగింది. 2024 నాటికి కూడా దేశవ్యాప్తంగా సంస్థల పై యాజమాన్యంలో 60 శాతానికి పైగా శ్వేతజాతీయులే. పనిచేసే వయసు జనాభాలో వారి వాటా 10 శాతం లోపే. రిటైల్‌కు మరో చిక్కు ఉంది. సిబ్బందిలో చాలామంది గంటల లెక్కన పనిచేసేవారు. శిక్షణకు ఎంపిక చేసేటప్పుడు శాశ్వత ఉద్యోగుల జాబితానే తీస్తే, వీరు మొదటి మెట్టుకైనా చేరరు.

2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఉపాధి సమానత్వ చట్ట సవరణ, ఈ వర్గాల వాటాకు రంగాల వారీగా లక్ష్యాలు పెట్టే అధికారాన్ని కార్మిక మంత్రికి ఇచ్చింది. ఏప్రిల్‌లో ఐదేళ్ల లక్ష్యాలు ప్రకటించారు. వాటిలో టోకు, చిల్లర వర్తకమూ ఉంది. ఈ లక్ష్యాలు పై నాలుగు అంచెలకు సంబంధించినవి. ఆ అంచెలకు మనుషులు రావలసింది కింద ఉన్న కౌంటర్ల నుంచే. అందుకే సంస్థలు తమ ప్రణాళికల్లో గంటల లెక్కన పనిచేసేవారికి ఎన్ని శిక్షణ సీట్లు కేటాయించాయో కార్మిక సంఘాలు ముందుగా అడిగి తెలుసుకోవాలి.