బీరు తోటలో బీథోవెన్: న్యూయార్క్ వేసవి కచేరీల వెనక కథ

న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా (వాద్య బృందం) వేసవిలో నగర పార్కుల్లో ఉచితంగా కచేరీలు ఇస్తుంది. 1965లో మొదలైన ఈ కచేరీలు దాతల డబ్బుతో నడుస్తాయి. అందుకే వీటిని పెద్దింటివాళ్లు జనానికి పెట్టే సంతర్పణలా చూడటం అలవాటైపోయింది. 1965కి వందేళ్లు వెనక్కి వెళ్తే కథ తిరగబడుతుంది. ఆ రోజుల్లో అక్కడ ఆరుబయట సంగీతం పచ్చి వ్యాపారం. వాద్యకారుల ఇళ్లలో పొయ్యి వెలిగించింది కూడా అదే.

ఫిల్‌హార్మోనిక్ 1842లోనే పుట్టింది. కానీ ఏడాదికి ఇచ్చేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కచేరీలు. వాటితో ఎవరి కడుపూ నిండదు కాబట్టి సభ్యులంతా థియేటర్లలో, డాన్సు పార్టీల్లో వాయించి బతికేవారు. వేరేచోట డబ్బొచ్చే పని తగిలితే రిహార్సల్‌కు డుమ్మా కొట్టేవారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

పదేళ్ల వయసులో, 1845లో, జర్మనీ నుంచి వచ్చిన థియోడర్ థామస్ అనే వయొలినిస్టుకు ఈ పద్ధతి నచ్చలేదు. రోజూ కలిసి వాయిస్తే తప్ప ఆర్కెస్ట్రాకు పట్టు దొరకదని అతని నమ్మకం. రోజూ వాయించాలంటే రోజూ జీతం ఇవ్వాలి. చలికాలంలో హాళ్లున్నాయి, ఊరూరా తిరిగే టూర్లున్నాయి. మరి వేసవిలో?

జవాబు జర్మన్ వలసదారుల దగ్గర దొరికింది. సాయంత్రం పెళ్లాం పిల్లలతో తోటకు వెళ్లి, బీరు తాగుతూ సంగీతం వినడం వాళ్లకు మామూలు. థామస్ తన సొంత ఆర్కెస్ట్రాతో 1866లో టెర్రేస్ గార్డెన్‌లో వేసవి కచేరీలు పెట్టి, 1868లో సెంట్రల్ పార్క్ గార్డెన్‌కు మారాడు. పేరు చూసి పార్కు లోపల అనుకోవద్దు. అది పార్కు దక్షిణపు అంచున, సెవెన్త్ ఎవెన్యూలో 58, 59 వీధుల మధ్య ఉన్న ప్రైవేటు తోట. టికెట్ల డబ్బుకు తిండి, బీరు అమ్మకాలు తోడయ్యేవి.

థామస్ గడుసుదనం అంతా ప్రోగ్రాం కూర్పులో ఉంది. మొదట హుషారైన ముక్కలు. జనం కుదురుకున్నాక మధ్య భాగంలో బీథోవెన్ లాంటి బరువైన సంగీతం. ఇళ్లకు వెళ్లేముందు మళ్లీ స్ట్రాస్ రాసిన వాల్ట్జ్‌లు (డాన్సు పాటలు). పిల్లాడికి నెయ్యన్నం ముద్దలో ఆకుకూర కలిపి పెట్టినట్టు! తమాషాలకూ వెనకాడలేదు. ఒక పోల్కా (హుషారైన డాన్సు సంగీతం) కోసం పికొలో అనే చిన్న వేణువు వాయించేవాళ్లను చెట్లెక్కించాడు. ఇంకోసారి ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా వాయించేవాణ్ణి జనం వెనక పొదల్లో దాచాడు. ఎవడో ఆకతాయి కచేరీ చెడగొడుతున్నాడనుకుని పోలీసులు ఆ ట్యూబా మనిషినే పట్టుకోబోయారట.

అలాగని అల్లరిని సహించే మనిషి కాదు. ముందు వరసలో ఒకడు చుట్ట కోసం అగ్గిపుల్లలు గీస్తుంటే ఆర్కెస్ట్రాను ఆపేసి, ముందు మీ పని కానివ్వండి అన్నాడని చెబుతారు. అలా అలవాటుపడిన జనమే 1872 సెప్టెంబరులో జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన 'రైడ్ ఆఫ్ ద వాల్కిరీస్' అమెరికాలో తొలిసారి వినిపించినప్పుడు కుర్చీలెక్కి కేకలు పెట్టారు. కొత్త సంగీతానికి ఆ స్థాయి స్పందన తోటలో వచ్చింది. దీన్ని చిన్నచూపు చూడటం నాకైతే అర్థం కాదు.

అయితే ఈ లెక్క జనం జేబుల్లో డబ్బున్నంత కాలమే. 1873లో బ్యాంకులు కూలి, ఏళ్ల తరబడి మాంద్యం పట్టింది. 1875తో సెంట్రల్ పార్క్ గార్డెన్‌లో థామస్ సీజన్లు ముగిశాయి. మరుసటి వేసవి ఫిలడెల్ఫియాలో పెట్టిన కచేరీలు అతన్ని నిండా ముంచాయి. అప్పుల వాళ్ల కోసం షెరీఫ్ (కోర్టు ఆదేశాలు అమలు చేసే అధికారి) అతని సంగీత ప్రతుల లైబ్రరీని వేలం వేశాడు. ఒక హితుడు దాన్ని కొని తర్వాత తిరిగిచ్చాడు కాబట్టి సరిపోయింది.

చివరికి శాశ్వత ఆర్కెస్ట్రా దొరికింది షికాగోలో, 1891లో. అక్కడ రోజువారీ బీరు అమ్మకాలతో పనిలేదు. నష్టం వస్తే భరిస్తామని 50 మంది సంపన్నులు తలా ఏడాదికి 1,000 డాలర్ల చొప్పున మూడేళ్లకు పూచీ ఇచ్చారు. లోటు ఎలాగూ వచ్చింది. పూచీదారులు కట్టారు.