మేయరుకు ఓటెక్కడ? నెల్లూరు, ఒంగోలు నగర ఓటు వెనక కథ

నెల్లూరు మూలాపేటలోనో ఒంగోలు లాయర్‌పేటలోనో యాభై దాటినవాళ్ళను కదిలించి చూడండి. మునిసిపల్ ఓటంటే చేతికి రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చేవాళ్ళు కదా అంటారు. నిజమే. 1995లోను, 2000లోను ఒక కాగితం వార్డు కౌన్సిలరుకు, ఇంకొకటి చైర్మనుకు. 2005 నుంచి ఒకటే మిగిలింది. ఊరు కార్పొరేషన్ అయితే వార్డు డివిజన్ అవుతుంది, కౌన్సిలరు కార్పొరేటరు, చైర్మను మేయరు అవుతారు. మన డివిజన్ కార్పొరేటరును మనం ఎన్నుకుంటాం. మేయరును ఆ కార్పొరేటర్లు, హోదారీత్యా సభ్యులైన ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలు కలిసి సమావేశం హాల్లో చేతులెత్తి ఎన్నుకుంటారు. ప్రతి ఎన్నికకూ పోలింగ్ కేంద్రంలో ఎవరో ఒకరు "మేయరు ఓటు ఎక్కడ వేయాలి?" అని అడుగుతూనే ఉంటారు. అది అమాయకపు ప్రశ్నేం కాదు, ఒకప్పుడు ఆ ఓటు ఉండేది.

అసలు మొదట్లో ఏ ఓటూ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1865లో పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది, దాని కింద 1866లో నెల్లూరు మునిసిపాలిటీ అయింది. సభ్యులంతా ప్రభుత్వం నియమించినవాళ్ళు, పెత్తనం కలెక్టరు లాంటి అధికారులది. ఒంగోలు మునిసిపాలిటీ 1876లో వచ్చింది. అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా పుట్టినప్పుడు అటు వెళ్ళింది, 1970లో సొంత జిల్లాకు కేంద్రమైంది. అంటే పట్టణాలు రెండూ ఒకే జిల్లా గొడుగు కింద మునిసిపాలిటీలయ్యాయి.

1871 చట్టం ఎన్నికకు కాస్త సందు ఇచ్చింది. తలుపు తెరిచింది మాత్రం అప్పటి వైస్రాయి లార్డ్ రిప్పన్ 1882 తీర్మానం, దాని వెంట వచ్చిన 1884 జిల్లా మునిసిపాలిటీల చట్టం. కౌన్సిలర్లలో నాలుగింట మూడు వంతుల దాకా ఎన్నికతో రావచ్చన్నారు. అయితే ఓటు పన్ను కట్టేవాడిది. ఇల్లో, వ్యాపారమో, ఉద్యోగమో ఉండి మునిసిపాలిటీకి ఇంత అని చెల్లించేవాడు ఓటరు, మిగతావాళ్ళు ఊరి జనం.

ఇక్కడ ప్రకాశం పంతులు గుర్తుకొస్తారు. తండ్రి పోయాక ఆయన తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఆ కుర్రాడు రాజమండ్రి చేరి, ప్లీడరై, 1904లో అక్కడి మునిసిపల్ చైర్మన్ అయ్యాడు. చెన్నపట్నం, రాష్ట్ర రాజకీయం అన్నీ ఆ తర్వాతే. పన్ను కట్టేవాళ్ళకే ఓటున్న కాలంలో గెలిచిన మనిషి పేరు మీద ఇవాళ జిల్లా ఉంది, ఆ జిల్లాలో పన్ను రశీదు చూపించకుండా అందరూ ఓటేస్తున్నారు. ఆ మార్పు ఒక్కరోజులో రాలేదు. 1920 చట్టం ఎన్నికైన సభ్యుల పాత్ర పెంచింది, రాజ్యాంగం వచ్చాక వయోజనులందరికీ ఓటు దక్కింది. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం పాత మద్రాసు చట్టం స్థానంలోకి వచ్చింది. 1989 మార్చిలో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. పోటీ చేయాలంటే మాత్రం ఇప్పటికీ 21 నిండాలి.

ఓటు అందరిదీ అయ్యాక అసలు ఇబ్బంది వేరేచోట మొదలైంది. ఓటు ఉంది, ఎన్నిక లేదు.

దీనికి మందుగానే 74వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాలకవర్గం గడువు ఐదేళ్ళు, గడువు తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లో జరపాలి. ఎన్నికలు ప్రభుత్వం చేతిలో కాక రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉండాలి. అసెంబ్లీ ఓట్లు చూసే కేంద్ర సంఘం వేరు, ఇది వేరు. ఏ సాకుతోనూ వాయిదా వేయకూడదని సుప్రీంకోర్టు 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో మరీ మరీ చెప్పింది.

చెప్పింది సరే, జరిగింది చూడండి. 2005లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2010 సెప్టెంబరుతో తీరింది. నెల్లూరు అప్పటికే కార్పొరేషన్, 2004లో అయింది. ఆ తర్వాత ఎన్నిక 2014 మార్చి 30న. ఓట్లు వేశాక కూడా ఫలితం తెలియడానికి మే 12 దాకా ఆగాల్సి వచ్చింది, సాధారణ ఎన్నికల మీద ప్రభావం పడుతుందని లెక్కింపు వాయిదా వేశారు. ఆ పాలకవర్గం 2019లో దిగిపోయింది. మళ్ళీ ఎన్నిక 2021 నవంబరు 15న. ఈ ఖాళీల్లో నగరాన్ని ప్రభుత్వం నియమించిన అధికారి, అంటే స్పెషలాఫీసరు నడిపారు. స్పెషలాఫీసరు పాలనలో పనులు బాగా జరిగాయనేవాళ్ళు నాకూ తెలుసు. అయితే వీధిలో నీళ్ళు రాకపోతే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియని రోజులు కూడా అవే.

ఒంగోలుది ఇంకా పెద్ద కథ. 2010 నుంచి 2021 దాకా అక్కడ ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2012 జనవరిలో కార్పొరేషన్ అయింది, బోర్డు మారింది, పన్ను మారింది, ఓటు మాత్రం రాలేదు. 2014లో రాష్ట్రంలో కార్పొరేషన్లకు పోలింగ్ జరిగినప్పుడు నెల్లూరు జాబితాలో ఉంది, ఒంగోలు లేదు. పక్క ఊళ్ళ విలీనం, డివిజన్ల హద్దులు, వాటిపై వివాదాలు అడ్డం పడ్డాయి. పేర్నమిట్ట, త్రోవగుంట, కొప్పోలు, పెళ్లూరు లాంటి చోట్ల ఉండేవాళ్ళ సంగతి ఆలోచించండి. పంచాయతీ పోయింది కాబట్టి సర్పంచి లేడు. కార్పొరేషన్ ఎన్నిక రాలేదు కాబట్టి కార్పొరేటరూ లేడు. పొలం గట్టున ఉన్న ఇంటికి నగరం పేరు వచ్చింది, అంతే. విలీనమంటే రోడ్లు, కుళాయిలు అని మాట్లాడతాం గానీ, మధ్యలో కొన్నేళ్ళు స్థానిక ఓటు ఆవిరైపోతుందని ఎవరూ చెప్పరు.

చివరికి 2020 మార్చిలో నామినేషన్లు పడ్డాయి. అదే నెల 15న కరోనా పేరుతో ప్రక్రియ ఆగింది. ఏడాది తర్వాత ఆగినచోటి నుంచే మొదలుపెట్టి 2021 మార్చి 10న పోలింగ్ జరిపారు. 50 డివిజన్ల ఒంగోలు, కార్పొరేషన్ అయిన తొమ్మిదేళ్ళకు మొదటిసారి ఓటేసింది. అదీ కాగితం బ్యాలెట్ మీద. మీట నొక్కడం అలవాటైన కుర్రాళ్ళు స్వస్తిక్ ముద్ర ఎలా వేయాలో, కాగితం ఎటు మడవాలో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకున్నారు.

నెల్లూరు ఆ విడతలో లేదు. నవంబరులో వంతు వచ్చేసరికి 54 డివిజన్లలో 8 ఏకగ్రీవం అయ్యాయి. ఆ ఎనిమిది చోట్ల ఓటరుకు వేలికి సిరా పడలేదు. మిగిలిన 46తో కలిపి మొత్తం 54 అప్పుడు వైఎస్సార్సీపీకే దక్కాయి. మేయరు పీఠాలు ఒంగోలులో ఎస్సీలకు, నెల్లూరులో ఎస్టీలకు కేటాయించారు. యానాదులనే గిరిజనులు ఎక్కువగా ఉన్న జిల్లా ఇది, కలెక్టరు కుర్చీతో మొదలైన సంస్థ పీఠం అలా చేరడం చిన్న విషయం కాదు. కానీ పరోక్ష ఎన్నిక కాబట్టి పీఠం నిలిచేది సభ్యుల చేతుల మీదే. 2014లో వైఎస్సార్సీపీ తరఫున నెల్లూరు మేయరైన అబ్దుల్ అజీజ్ తర్వాత తెలుగుదేశంలో చేరారు. ఓటరు వేసిన గుర్తు ఒకటి, కుర్చీ మీది కండువా ఇంకొకటి. ప్రత్యక్ష ఎన్నికలో చైర్మన్ ఒక పార్టీ, కౌన్సిల్ మెజారిటీ ఇంకో పార్టీ అయితే బడ్జెట్ కూడా కదలదని వాదించేవాళ్ళున్నారు. అదీ కొట్టిపారేయలేం. నా మటుకు నాకు రెండో కాగితమే నచ్చుతుంది, కనీసం ఎవర్ని నిలదీయాలో తెలుస్తుంది.

ఇక జాబితా సంగతి. కార్పొరేషన్ ఓటుకు వేరే దరఖాస్తు ఉండదు. అసెంబ్లీ ఓటర్ల జాబితానే రాష్ట్ర ఎన్నికల సంఘం తీసుకుని డివిజన్లవారీగా విడగొడుతుంది. నెల్లూరు కార్పొరేషన్ సిటీ, రూరల్ రెండు నియోజకవర్గాల్లో పరుచుకుని ఉంది, అందుకే ఈ విడగొట్టడంలోనే చిక్కులు. ఇంటి నంబరు తప్పుగా ఉంటే భర్త ఒక డివిజన్లో, భార్య పక్క డివిజన్లో తేలతారు. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపుకు ఫారం 7, ఇల్లు మారినా పేరులో తప్పున్నా ఫారం 8, అన్నీ అసెంబ్లీ జాబితా కోసమే, పోలింగ్ బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) దగ్గరో ఆన్‌లైన్‌లోనో. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి కాబట్టి 18 నిండిన పిల్లలు ఏడాది ఆగక్కర్లేదు. బాలాజీనగర్ నుంచి వేదాయపాలెం మారిపోయి, పాత ఇంటి మీదే ఓటు ఉంచుకుంటే, కార్పొరేటరు ఎన్నికలో పాత వీధి డ్రైనేజీకే ఓటేస్తారు.

అభ్యర్థి మాత్రం నగరంలో ఏ డివిజన్లో ఓటరైనా ఇంకో డివిజన్లో పోటీ చేయవచ్చు, ప్రతిపాదించేవాళ్ళు అక్కడి ఓటరై ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న 1990ల నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. సీట్లలో సగం మహిళలవి.

ఒంగోలు పాలకవర్గం 2021 మార్చిలో కొలువుదీరింది, నెల్లూరుది ఆ ఏడాది నవంబరులో. ఐదేళ్ళ లెక్కన మొదటిదాని గడువు 2026 మార్చి, రెండోదానిది అదే ఏడాది నవంబరు.